ఐఫోనా, ఆండ్రాయిడా, ఉన్న ఫోనేనా: అభిమానం పక్కనపెట్టి ఎంచుకోవడం ఎలా

మా పిన్నికి తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. నాలుగేళ్ళ కిందట కొన్న ఫోన్‌లో మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోందని, దసరాకి కొత్తది తీసుకుందామనుకుంది. పాతిక వేలు పక్కన పెట్టుకుంది. పండక్కి అందరం చేరాక మాట ఎత్తింది. వాళ్ళబ్బాయి వెంటనే "కొంటే ఐఫోనే కొనాలమ్మా, మిగతాది ఇఎంఐ పెట్టుకుందాం" అన్నాడు. అల్లుడు "అత్తయ్యగారూ, ఆ డబ్బుకి ఆండ్రాయిడ్‌లో రెండు ఫోన్లొస్తాయి" అన్నాడు. ఇక చిప్పులు, మెగాపిక్సెళ్ళు, హెర్ట్జ్‌లు. విస్తళ్ళ ముందు కూర్చున్నాక కూడా వాదన ఆగలేదు. పిన్ని ఫోన్‌తో రోజూ ఏం చేస్తుందో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఇద్దరికీ ఆమె మీద ప్రేమ ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఇద్దరూ తమ చేతిలో ఉన్న ఫోన్ తరఫున మాట్లాడారు. ఫోన్ కొనే ప్రతి ఇంట్లో ఇప్పుడు ఇదే జరుగుతోంది. వేలకు వేలు పోసేది మాత్రం వాదించిన వాళ్ళు కాదు. అందుకే ఏ కంపెనీ గొప్పదో పక్కనపెట్టి, ఎవరికి ఏది సరిపోతుందో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

సలహా చెప్పేవాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1956లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఆడవాళ్ళకు కొన్ని ఇంటి సామాన్లు చూపించి, ఒక్కోదానికి ఎన్ని మార్కులేస్తారో అడిగారు. తర్వాత రెండింటిలో ఒకటి ఎంచుకుని ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఎంచుకున్నాక మళ్ళీ మార్కులు వేయమంటే, తీసుకున్నదానికి మునుపటికన్నా ఎక్కువ, వదిలేసినదానికి తక్కువ వేశారు. మధ్యలో వస్తువు ఏమీ మారలేదు. "సరైనదే తీసుకున్నాను" అని మనసు తనకు తాను చెప్పుకుంది, అంతే.

ఫోన్ విషయంలో ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది. ఎనభై వేలు పెట్టినవాడు ఆ డబ్బు వృథా అయిందని ఒప్పుకోవడం చాలా కష్టం. నేనూ అలాగే చేశాను. వరసగా మూడు ఫోన్లు ఒకే కంపెనీవి కొన్నాను. మూడోదానికి వారంటీ అయిపోయిన రెండో నెలలో స్క్రీన్ మీద పైనుంచి కిందికి ఆకుపచ్చ గీత వచ్చింది. సర్వీస్ సెంటర్లో చెప్పిన రేటు ఫోన్ ధరలో దాదాపు సగం. ఆ గీతతోనే ఫోన్ వాడుతూ, ఇంకో ఆర్నెల్లపాటు ఆ కంపెనీయే మంచిదని స్నేహితులతో వాదించాను. వాళ్ళలో ఒకడు నా మాట విని అదే మోడల్ కొన్నాడు. ఇప్పటికీ నాకు ఆ విషయం గుచ్చుకుంటుంది.

అందుకని ఎవరైనా ఫలానా ఫోన్ కొనమంటే, "మీ ఫోన్‌లో మీకు నచ్చనిది ఏంటి?" అని అడగండి. "రాత్రిపూట ఫొటోలు బాగుండవు", "గేమ్ ఆడితే వేడెక్కుతుంది" లాంటి జవాబు వస్తే ఆయన మాట వినొచ్చు. "అసలు వంకే లేదు" అన్నారంటే అది అభిమానం. దాన్ని నమ్మి డబ్బు పెట్టకండి.

కంపెనీలు మన పక్షాన నిలబడవు

మనం ఒక కంపెనీ కోసం పోట్లాడతాం. కంపెనీలు తాము అన్న మాట మీదే నిలబడవు. 2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ ఇయర్‌ఫోన్ జాక్ తీసేసింది. అదే ఏడాది తొలి పిక్సెల్ ఫోన్‌లో జాక్ ఉందని గూగుల్ గొప్పగా చెప్పుకుంది. మరుసటి ఏడు పిక్సెల్ 2లో తనే తీసేసింది. జాక్ లేదని ఆపిల్‌ను ఎగతాళి చేస్తూ ప్రకటనలిచ్చిన శాంసంగ్, 2019లో నోట్ 10 నుంచి తీసేసింది. 2020లో ఐఫోన్ డబ్బాలోంచి చార్జర్ మాయమైతే శాంసంగ్ మళ్ళీ ఎత్తిపొడిచింది. మూడు నెలలైనా గడిచాయో లేదో, 2021 జనవరిలో వచ్చిన ఎస్21 డబ్బాలో కూడా చార్జర్ లేదు. ఆ ప్రకటనలు చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే చార్జర్‌కి విడిగా డబ్బు కట్టుకున్నారు.

ఇంకో సంగతి. మనం శత్రువులనుకునే కంపెనీలు లోపల ఒకదానికొకటి సామాన్లు అమ్ముకుంటాయి. 2017లో వచ్చిన ఐఫోన్ 10 స్క్రీన్ శాంసంగ్ తయారు చేసి ఇచ్చినదే. ఐఫోన్లలోనూ, ఎన్నో ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ కెమెరా సెన్సర్లు సోనీవి. ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్, 2015లో అప్పటి మన చిత్తూరు జిల్లా శ్రీసిటీలో షావోమీ వాళ్ళ రెడ్‌మీ ఫోన్లు బిగించింది. పనిచేసేవాళ్ళకు అదొక ఉద్యోగం, కంపెనీకి అదొక ఆర్డరు. జట్లుగా విడిపోయింది మనమే.

కొరత చూపించి ఆశ పెంచడం కూడా ఇందులో భాగమే. 2014లో వన్‌ప్లస్ తన మొదటి ఫోన్ అమ్మినప్పుడు డబ్బుంటే చాలదు, ఆహ్వానం కూడా ఉండాలి. ఆ ఏడాదే షావోమీ మన దేశంలో ఫ్లాష్ సేల్స్ మొదలుపెట్టింది. ఫలానా రోజు మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కాచుక్కూర్చుంటే, తెరిచిన క్షణాల్లో స్టాక్ అయిపోయేది. దొరికినవాడు ఏదో గెలిచినట్టు సంబరపడేవాడు. ఆ ఫోన్లు ఆ ధరకి నిజంగా మంచివే. కానీ అంత కష్టపడి సంపాదించినదాన్ని ఎవరూ నిదానంగా, తప్పులు వెతుకుతూ చూడరు. కంపెనీకి కావలసింది అదే.

ఈమధ్య ఆశంతా ఏఐ మీద పెడుతున్నారు. 2024లో ఐఫోన్ 16ను ఆపిల్ ఇంటెలిజెన్స్ పేరుతో అమ్మారు. మన మెయిళ్ళు, మెసేజ్‌లు చూసి పని చేసిపెట్టే కొత్త సిరి (ఐఫోన్‌లో మన మాట విని జవాబిచ్చే సాఫ్ట్‌వేర్) వస్తుందన్నారు. 2025 మార్చిలో అది ఆలస్యమవుతుందని కంపెనీయే చెప్పింది. ఈలోగా దాని కోసమే కొన్నవాళ్ళు ఎదురుచూస్తూ ఉండిపోయారు. షాపులో ఇవాళ పనిచేస్తున్నదానికే డబ్బు కట్టండి. "అప్‌డేట్‌లో వస్తుంది" అన్నది వచ్చాక చూసుకోవచ్చు.

మన ఇంటికి ఐఫోనా, ఆండ్రాయిడా

ఈ గొడవలో సగం అమెరికా నుంచి మనకు దిగుమతి అయింది. అక్కడ చాలామంది మామూలు మెసేజ్‌లలోనే కబుర్లు చెప్పుకుంటారు. ఐఫోన్ నుంచి ఇంకో ఐఫోన్‌కి పంపిన మెసేజ్ నీలం రంగులో, ఆండ్రాయిడ్‌కి పంపినది ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. పచ్చ రంగు వాళ్ళను చిన్నచూపు చూడటం అక్కడి పిల్లల్లో పెద్ద సమస్య. మన దగ్గర పెళ్ళి పిలుపు నుంచి గ్యాస్ బుకింగ్ దాకా అన్నీ వాట్సాప్‌లోనే. నీలమా పచ్చా అన్నది మనకు అసలు లెక్కలోకే రాదు. డాలస్‌లో ఉన్న కూతురితో ఫేస్‌టైమ్ కోసం ఐఫోన్ కావాలంటారు కొందరు. వాట్సాప్ వీడియో కాల్ రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తుంది. దాని కోసం నలభై వేలు ఎక్కువ పెట్టనక్కర్లేదు.

అమెరికా నుంచి ఫోన్ తెప్పించుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి, అక్కడ అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే చోటే ఉండదు; ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఇ-సిమ్ మాత్రమే. జియో, ఎయిర్‌టెల్ ఇ-సిమ్ ఇస్తాయి. కానీ ఫోన్ పాడైతే సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకునే అలవాటున్న పెద్దవాళ్ళకు ఇది ఇబ్బంది. ఊళ్ళో ఒంటరిగా ఉండే అమ్మానాన్నల కోసమైతే, ఇక్కడ అమ్మే ఫోనే ఇక్కడే కొనివ్వండి.

ఎన్నేళ్ళు పనికొస్తుందన్నది అసలు ప్రశ్న. ఒకప్పుడు ఇందులో ఐఫోన్‌కి పోటీ లేదు. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్‌కి 2024లో ఐఓఎస్ 18 (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చింది. అప్పట్లో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు రెండేళ్ళకే అప్‌డేట్లు ఆగిపోయేవి. ఇప్పుడు అలా లేదు. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 జనవరిలో ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. తక్కువ ధరలో వచ్చే గెలాక్సీ ఏ16 5జీకి కూడా శాంసంగ్ ఆరేళ్ళు ప్రకటించింది. "అప్‌డేట్ల కోసం ఐఫోనే" అన్న మాట పదేళ్ళ కిందట నిజం. చాలామంది అభిమానులు ఇంకా అక్కడే ఉన్నారు. అలాగని అన్ని ఆండ్రాయిడ్ కంపెనీలూ ఇలా ఇవ్వవు. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. కాబట్టి కొనేముందు ఆ మోడల్‌కి ఎన్నేళ్ళో చూడండి.

తెలుగు సంగతీ చూసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ప్రపంచమంతా ఆ అక్షరం గురించి మాట్లాడుకుంది. అదే నెలలో ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. ఆ సమస్య ఎప్పుడో తీరిపోయింది. అయినా నాకు అది ఒక గుర్తుగా ఉండిపోయింది: ఎంత పేరున్న ఫోనైనా మన భాష దాని తయారీదారుకు ముందుగా గుర్తొచ్చేది కాదు. అమ్మానాన్నలు తెలుగులో టైప్ చేస్తారంటే, షాపులోనే ఫోన్ వాళ్ళ చేతికిచ్చి, నాలుగు మాటలు టైప్ చేయించండి. తెలుగులో మాట్లాడి టైప్ చేయించే పద్ధతి కూడా చూడండి. అక్షరాల సైజు పెంచితే స్క్రీన్ మీద బటన్లు పక్కకు పోతున్నాయేమో గమనించండి. ఈ ఐదు నిమిషాలు ఏ వీడియో రివ్యూ కన్నా ఎక్కువ చెప్తాయి.

ఐఫోన్ మంచిదయ్యే సందర్భాలు ఉన్నాయి. వీడియోలు ఎక్కువ తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవాళ్ళకు, ఇంట్లో ఇప్పటికే మ్యాక్, ఐప్యాడ్ ఉన్నవాళ్ళకు, రెండు మూడేళ్ళకోసారి అమ్మి కొత్తది కొనేవాళ్ళకు అది లాభం. తిరిగి అమ్మితే ఆండ్రాయిడ్ కన్నా మంచి రేటు పలుకుతుంది. కానీ స్క్రీన్ పగిలితే ఖర్చు ఎక్కువ. చిన్న ఊళ్ళో ఉంటే అసలు సామాన్లతో బాగుచేయించడానికి దగ్గర్లోని పెద్ద ఊరికి వెళ్ళాలి. ఐదారేళ్ళు ఒకే ఫోన్ వాడేవాళ్ళు, పాతిక ముప్పై వేలు దాటకూడదనుకునేవాళ్ళు ఆండ్రాయిడ్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. పాతిక వేలున్నవాళ్ళు ఎనభై వేల ఫోన్‌కి ఇఎంఐ పెట్టుకోవడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

ఈ ఏడాది మోడలా, నిరుటిదా

ఎక్కువమందికి ఇక్కడే డబ్బు మిగులుతుంది. కొత్త ఐఫోన్ వచ్చిన రోజే నిరుటి మోడల్ ధర ఆపిల్ తగ్గిస్తుంది. ఐఫోన్ 16 వచ్చినప్పుడు 79,900 రూపాయలు. 2025 సెప్టెంబర్‌లో 17 రాగానే 69,900 అయింది. కానీ ఆ పదివేల తగ్గింపు చూసి వెంటనే నిరుటిది తీసుకోకండి. 17 ధర అప్పుడు 82,900 అయినా అందులో 256 జీబీ ఉంది, 120 హెర్ట్జ్ స్క్రీన్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారేది) ఉంది. 16లో మొదటి ధరకి వచ్చేది 128 జీబీ, 60 హెర్ట్జ్. ఆ ఏడాది కొత్తదానికి పెట్టిన ఎక్కువ డబ్బుకి నిజంగా విలువ ఉంది. అంతకుముందు కొన్నేళ్ళు అంత తేడా ఉండేది కాదు. ఏ ఏడాదికా ఏడాది లెక్క వేసుకోవాల్సిందే.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. అప్‌డేట్ల లెక్క మనం కొన్న రోజు నుంచి కాదు, ఫోన్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. 2024 జనవరిలో వచ్చిన ఎస్24కి ఏడేళ్ళంటే 2031 మొదట్లో అయిపోతాయి. రెండేళ్ళ తర్వాత కొంటే మనకు మిగిలేది ఐదేళ్ళే. అందుకని ధరని మిగిలిన ఏళ్ళతో భాగించండి. డెబ్భై వేల ఫోన్‌కి ఏడేళ్ళుంటే ఏడాదికి పదివేలు. రెండేళ్ళ తర్వాత అదే ఫోన్ నలభై వేలకి దొరికి ఐదేళ్ళు మిగిలితే ఏడాదికి ఎనిమిది వేలు. ఇరవై వేల ఫోన్ నాలుగేళ్ళు వస్తే ఏడాదికి ఐదు వేలు. ఈ లెక్క వేశాక కూడా ఖరీదైనదే కావాలనిపిస్తే తీసుకోండి. ఇష్టపడి కొనడంలో తప్పేమీ లేదు. ఎంత ఎక్కువ పెడుతున్నామో తెలిసి పెట్టాలి, అంతే.

అంకెల గురించి రెండు మాటలు. 200 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా తీసే ఫొటో 12 మెగాపిక్సెళ్ళదే. పదహారు చుక్కలను ఒకటిగా కలిపి వెలుతురు ఎక్కువ పట్టుకుంటుంది. కాబట్టి అంకె చూడకండి. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద కదులుతున్న పిల్లల ఫొటో ఎలా వచ్చిందో ఆ ఫోన్ ఉన్నవాళ్ళను చూపించమనండి. స్టోరేజీ విషయంలో మాత్రం కక్కుర్తి పడొద్దు. మన వాట్సాప్ గ్రూపులకు 128 జీబీ ఎటూ చాలదు.

ఆఫర్ల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. పెద్ద అక్షరాల్లో వేసే ధరలో బ్యాంక్ కార్డు తగ్గింపు, ఎక్స్ఛేంజ్ బోనస్ కలిపేసి ఉంటాయి. మన దగ్గర ఆ కార్డు లేకపోతే ఆ ధర మనది కాదు. నో కాస్ట్ ఇఎంఐలో కూడా బ్యాంకు వడ్డీ వేస్తుంది. ఆ మేరకు అమ్మేవాళ్ళు ధర తగ్గిస్తారు. కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి. పూర్తి డబ్బు ఒకేసారి ఇస్తే ఎంతకిస్తారో పక్క షాపులో కూడా అడగండి.

అసలు కొనాలా

2017 డిసెంబర్‌లో ఆపిల్ ఒక విషయం ఒప్పుకుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండాలని, సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి వేగం తగ్గిస్తున్నామని చెప్పింది. గొడవ పెద్దదయ్యాక, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. కొత్త బ్యాటరీ వేశాక ఫోన్లు మళ్ళీ వేగం అందుకున్నాయి. ఎంతోమంది "పాతబడిపోయింది" అనుకుని కొత్త ఫోన్ కొనేశారు. పోయింది బ్యాటరీ ఒక్కటే.

ఈ ఒక్క విషయం తెలిసినా ఎన్నో ఇళ్ళల్లో డబ్బు మిగులుతుంది. మీ ఫోన్‌కి ఇంకా అప్‌డేట్లు వస్తూ, స్క్రీన్ బాగుండి, చార్జింగ్ మాత్రమే నిలబడకపోతే, ముందు బ్యాటరీ మార్పించండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్యాటరీ హెల్త్ చూడండి. 80 శాతం కన్నా తగ్గితే మార్చాలి. వీలైనంతవరకు కంపెనీ సర్వీస్ సెంటర్లోనే వేయించండి. నకిలీ బ్యాటరీ ఉబ్బితే ప్రమాదం. అలాగే ఫోన్ హ్యాంగ్ అవుతోందంటే స్టోరేజీ నిండిందేమో చూడండి. వాట్సాప్‌లో ప్రతి గ్రూపు నుంచి వచ్చే వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపితేనే తేడా తెలుస్తుంది.

అయితే సెక్యూరిటీ అప్‌డేట్లు పూర్తిగా ఆగిపోయి, దాంట్లోనే బ్యాంకు, యూపీఐ యాప్‌లు నడుపుతుంటే, ఇక పొదుపు చేయకండి. 2025లో ఐఫోన్ 5ఎస్, 6, 6 ప్లస్‌లలో వాట్సాప్ పనిచేయడం ఆగిపోయింది. అలాంటి స్థితి రాకముందే మారడం మంచిది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) చూసి, ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. పాత యజమాని అకౌంట్ అందులోంచి తీసేశాడో లేదో ఆయన ఎదురుగానే చూడండి. బిల్లు లేకపోతే వదిలేయండి.

పిన్ని విషయానికొస్తే, భోజనాలయ్యాక ఆమె పక్కన కూర్చుని ఫోన్ తీయించాను. బ్లౌజు డిజైన్ల ఫొటోలు, ఫోన్‌పే, కూతురితో వీడియో కాల్, రాత్రి పడుకునేముందు ప్రవచనాలు. అంతే. అప్‌డేట్లు రెండేళ్ళ కిందటే ఆగిపోయాయి. కాబట్టి బ్యాటరీ మార్చి సరిపెట్టుకోవడం కుదరదు. కుట్టు పని చేసే కళ్ళకు స్క్రీన్ పెద్దది కావాలి. డిజైన్ల ఫొటోలకు 256 జీబీ కావాలి. నేనివన్నీ రాసుకుంటుంటే ఆమె, "ఒరేయ్, ఇది కింద పడి పగిలితే ఎక్కడికెళ్ళాలి?" అని అడిగింది. గంటసేపు వాదించినవాళ్ళకు తట్టని ప్రశ్న అది. గుంటూరులో కంపెనీ సొంత సర్వీస్ సెంటర్ ఉన్నవి, ఆరేళ్ళ అప్‌డేట్లు ఉన్నవి మాత్రమే ఉంచి మిగతావన్నీ కొట్టేశాం. రెండు మోడళ్ళు మిగిలాయి. మర్నాడు షాపుకెళ్ళి రెండింటిలో చేతికి తేలిగ్గా ఉన్నదాన్ని ఆమే ఎంచుకుంది. ఇరవై మూడు వేలయింది. మిగిలిన రెండు వేలలో గ్లాసు, కవరు వేయించి, పాత ఫోన్‌లోని ఫొటోలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి వచ్చాను.